రామమందిరంలో ఇటాలియన్ పరీక్ష

ఆ రోజుల్లో మా కొబ్బరి ఎస్టేటులో ప్రతి ఇంటికీ గొప్పగా చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఒకరింట్లో గోడగడియారం, ఒకరింట్లో దొరగారు వాడి వదిలేసిన టోపీ, ఇంకొకరింట్లో విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కేటప్పుడు తాతగారు చంకన పెట్టుకొచ్చిన రాగి చెంబు. మా ఇంట్లో అలాంటి వస్తువేదీ లేదు. మాకున్నది ఒక్క వాక్యం. ఎప్పుడో ఎవరో తెల్లదొర తెలుగు విని ముచ్చటపడిపోయి, “ఇది తూర్పు దేశపు ఇటాలియన్” అన్నాడట. ఆ దొర ఎవరో, ఎక్కడ విన్నాడో, ఎవరి నోట విన్నాడో మా నాన్నకు తెలియదు. (మా ఎస్టేటులో కొబ్బరికాయలు ఒలిచే షెడ్డు దగ్గర నిలబడి వినుంటే మాత్రం ఆ మాట అని ఉండేవాడు కాడని నా గట్టి నమ్మకం.) అయినా ఆ వాక్యానికి పట్టా తన పేరునే ఉన్నట్టు మసలేవారు నాన్న. వస్తువైతే ఏనాటికైనా పగులుతుంది, చిలుముపడుతుంది, ఎవరైనా ఎత్తుకుపోతారు. వాక్యానికి ఏమీ కాదని అనుకున్నాం. దానివల్ల నాకేమైందో చెబుతాను, వినండి.

మా ఎస్టేటు మలయా దేశంలో, సుంగై సుమున్ దగ్గర. తాతల కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఓడల మీద వచ్చి దిగిన కుటుంబాలే అక్కడ దాదాపు అన్నీ. నాన్న ఆ ఎస్టేటుకు కిరాణి, అంటే ఆఫీసు గుమాస్తా. చుట్టుపక్కల ఎస్టేటుల్లో ఆ కుర్చీలో ఎక్కువగా వేరే భాషలవాళ్ళు కూర్చునేవారు కాబట్టి, తెలుగువాడు కిరాణి అయ్యాడంటే అదే ఒక పండగ. పైగా ఆయన మా తెలుగు సంఘానికి అధ్యక్షులు. ఏటా సంఘం మీటింగులో ఉపన్యాసం సగానికి వచ్చేసరికి ఆగి, గొంతు సవరించుకుని, ఆ వాక్యాన్ని వదిలేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. ఇటలీ ఎక్కడుందో, అక్కడివాళ్ళు ఏం తింటారో మాలో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు నేనైతే, ఇటాలియన్లంటే ఓడ తప్పి వేరే రేవులో దిగిపోయిన మన శ్రీకాకుళంవాళ్ళేనేమో అనుకునేవాణ్ణి.

నాకు కౌలాలంపూరు యూనివర్సిటీలో సీటు వచ్చేనాటికి దేశానికి మెర్డెకా వచ్చేసింది, అంటే స్వాతంత్ర్యం. జెండాలు మారాయి, పాట మారింది. అడవిలో కమ్యూనిస్టులున్నారని తెల్లవాళ్ళు ఏళ్ళ కిందట పెట్టిన ఎమర్జెన్సీ మాత్రం ఇంకా పోలేదు. అడవిలోకి తిండి చేరకూడదని దారిలో పోలీసులు బస్సులు ఆపి మూటలు విప్పించేవారు. ఎస్టేటు చుట్టూ ముళ్ళకంచె అలాగే ఉంది. మా వైపు అడవిలో ఎవరూ మిగల్లేదని సర్కారు తేల్చేసిందని చెప్పుకునేవారు గాని, ఆ సంగతి మా గేటు కాపలావాడికి ఎవరూ చెప్పినట్టు లేదు. అలాంటి చోటు నుంచి యూనివర్సిటీకి వెళ్ళిన మొదటివాణ్ణి నేను. దొరగారు నాన్నతో ఒక మాట ముందే అని ఉంచారు: అక్కడ పొరపాటున తప్పితే బెంగపడక్కర్లేదు, ఆఫీసులో నాన్న కుర్చీ పక్కనే చిన్న కిరాణి స్టూలు ఒకటి ఖాళీగా ఉందని. ఆ స్టూలుకు వీపు ఆనించుకోవడానికి ఏమీ లేదు. దాని మీద కూర్చుంటే ఎదురుగా కనిపించేది ఎండు కొబ్బరి తూచే తక్కెడ. ఆ దృశ్యం తలుచుకుంటేనే నాకు చదువు మీద భక్తి పుట్టేది.

సీటు వచ్చినవాడు ఊరికే వెళ్ళి చేరిపోవడం మా ఇళ్ళల్లో లేదు. నాన్న మెడదాకా బొత్తాలున్న కోటు తొడుక్కుని, తలపాగా చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని రైలెక్కారు. నేను తీసుకోవలసినవాటిలో ఒక భాష ఉంది. నేను మలయ్ తీసుకుందామనుకున్నాను. ఎందుకంటే నాకది వచ్చు. అయితే ఆ ఏడు ఇటలీ నుంచి ఒకావిడ పాఠాలు చెప్పడానికి వచ్చి ఉంది. వరండాలో ఒక బల్ల వెనక కూర్చుని, తన దగ్గరకు ఎవరూ రావడం లేదని విసనకర్రతో విసురుకుంటోంది. బల్ల మీద అట్ట ముక్కకు ‘ఇటాలియన్’ అని రాసి ఉంది. అది చదివిన నాన్న మొహం చూశాను. చిన్నప్పుడు తప్పిపోయిన చెల్లెలు ఎదురుపడితే మనిషి మొహం అలా ఉంటుంది.

“మేడమ్!” అన్నారు నాన్న, చేతులు జోడించి, తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని. “మేము తెలుగువాళ్ళం. మా భాష తూర్పు దేశపు ఇటాలియన్. మీది పడమటి దేశపు తెలుగు. మా వాడికి మొదటి క్లాసు అక్కర్లేదు.” ఆవిడ లేచి నిలబడింది. ఏదైనా ఒక తెలుగు మాట చెప్పమంది. నాన్న “కొబ్బరికాయ” అన్నారు. ఆవిడ ఆ మాటను నోట్లో చప్పరించినట్టు నాలుగైదుసార్లు అని, “ఎంత బాగుంది! చివర ఎంత చక్కగా తెరుచుకుంటోందో!” అంది. నాన్న “గుమ్మడికాయ” అన్నారు. అంతే, నేను రెండో క్లాసులో పడ్డాను. మొదటి క్లాసులో ఏం చెబుతారో నాకు ఎప్పటికీ తెలియదని అప్పుడు అనుకున్నాను గాని, అది తెలుసుకునే యోగమూ నాకు రాసిపెట్టి ఉంది. తిరుగు దారిలో నాన్న నా భుజం తట్టి అన్నారు: “బయపడకురా. లోపల ఉన్నదే గదా, ఆవిడ బయటికి లాగుతాది, అంతే, లా.” (మాట చివర ఆ ‘లా’ తగిలించడం మలయాలో అందరికీ అలవాటు.)

ఆవిడను మేము సిన్యోరా అనేవాళ్ళం, వాళ్ళ భాషలో అమ్మగారూ అన్నట్టు. మనిషి మంచిది. అయితే తరగతిలోకి అడుగు పెట్టిన క్షణం నుంచి ఇంగ్లీషు ముట్టేది కాదు. మేము నలుగురం. మిగతా ముగ్గురిలో ఇద్దరు చిన్నప్పటి నుంచి ఇటాలియన్ పాదిరీల దగ్గర చదువుకున్నవాళ్ళు. మూడోది ఒక అమ్మాయి, ఇటాలియన్ సిస్టర్ల కాన్వెంటులో పెరిగింది, అందుకే మేమంతా సిస్టర్ అని పిలిచేవాళ్ళం. వాళ్ళ మధ్య నేను, తూర్పు దేశపు ఇటాలియన్ను. సిన్యోరా ఏదో అడిగేది, ముగ్గురూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. ముగ్గురూ విచారంగా తలాడిస్తే నేనూ ఆడించేవాణ్ణి. (ఒకసారి ఆవిడ వాళ్ళమ్మ పోయిన సంగతి చెబుతోందట. నేను ముందు పాఠం నవ్వు ఇంకా పూర్తిచెయ్యలేదు.) నా వంతు వచ్చినప్పుడు, ఇంగ్లీషు మాటలకు చివర ఒక ‘ఓ’నో ‘ఆ’నో తగిలించి వదిలేవాణ్ణి. మొదట్లో ఆవిడ కళ్ళు మూసుకుని, నాన్న చెప్పిన గుమ్మడికాయను తలుచుకుంటున్నట్టు ఓపిగ్గా వినేది. తరవాత తరవాత కళ్ళు తెరిచి వినడం మొదలుపెట్టింది.

శుక్రవారాలు ఇంకా ఘోరం. శుక్రవారం భాష కాదు, ‘నేటి ఇటలీ జీవితం’. అక్కడివాళ్ళు కాఫీ నిలబడి తాగుతారట, స్కూటర్ల మీద ఇద్దరిద్దరు పోతారట, యుద్ధంలో పడిపోయిన ఇళ్ళ మధ్యనే సినిమాలు తీస్తారట. ఇవన్నీ బొమ్మలు చూపించి చెప్పేది కనుక నాకూ కాస్త అందేది. ఒక శుక్రవారం ఆవిడ, మా దేశంలో కమ్యూనిస్టులు ఎన్నికల్లో నిలబడతారు, నా తమ్ముడు వాళ్ళకే ఓటు వేస్తాడు అని చెప్పింది. ఆ ఒక్క ముక్కా నాకు పూర్తిగా అర్థమైపోయింది, ఎందుకంటే ఆ మాట ఏ భాషలో విన్నా మా ప్రాంతంవాడికి వెన్నులో చలి పుడుతుంది. సిస్టర్ లేచి వెళ్ళి తలుపు వేసేసింది. నేను కిటికీలు మూశాను. ఆవిడ మాత్రం, మాకు ఉక్క పోయడం లేదా అని ఆశ్చర్యపోతూ ఆ తమ్ముడి పెళ్ళి కబుర్లు చెప్పుకుపోయింది. ఆ ఏడంతా సిన్యోరా ఇటాలియన్ నాకు అర్థమైందని రుజువు చేసిన పని ఆ కిటికీలు మూయడం ఒక్కటే.

ఏడాది చివరికి వచ్చేసరికి నా పరిస్థితి నాకు స్పష్టంగా తెలిసిపోయింది. తక్కిన సబ్జెక్టులన్నీ గట్టెక్కించగలను. ఇటాలియన్ ఒక్కటి తప్పినా ఆ ఏడు పోయినట్టే. ఏడు పోతే మళ్ళీ చేర్చుకుంటారో లేదో వాళ్ళ దయ, మళ్ళీ పంపిస్తారో లేదో నాన్న దయ. ఎక్కడ కళ్ళు మూసుకున్నా వీపు లేని స్టూలు కనిపించేది. దానికన్నా ఎక్కువగా, సంఘం మీటింగులో నాన్న ఆ వాక్యం దగ్గర ఆగి గొంతు సవరించుకోవడం, వెనక వరసలోంచి ఎవరో “మరి మీ వాడే తప్పినాడటగదా” అనడం కనిపించేవి. హాస్టలు గదిలో మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, నాకన్నా ఏ మూగవాడో నయం, వాడినెవడూ రెండో క్లాసులో కూర్చోబెట్టడు అనుకునేవాణ్ణి.

నోటి పరీక్ష విషయంలో సిన్యోరాకు ఒక పద్ధతి ఉంది. గదిలో కూర్చోబెట్టి అడగదు. ఎవరి ఊరికి వాళ్ళు ఆవిణ్ణి తీసుకెళ్ళి, తమవాళ్ళ మాటలు ఆవిడకు, ఆవిడ మాటలు తమవాళ్ళకు మార్చి చెప్పాలి. సిస్టర్ వాళ్ళ పిన్ని కొట్టుకు తీసుకెళ్ళి నెగ్గుకొచ్చింది. నేను, మా ఊరు చాలా దూరమనీ, దోమలనీ, గేటు దగ్గర పోలీసులనీ ఏవేవో చెప్పబోయాను. ఈలోగా నాన్న పని మీద కౌలాలంపూరు వచ్చి, నాకు చెప్పకుండానే ఆవిణ్ణి కలిసి, శ్రీరామనవమికి మా ఎస్టేటుకు రమ్మని పిలిచేశారు. మలయా తెలుగువాళ్ళకు అన్ని పండగలూ ఒక ఎత్తు, నవమి భజన ఒక ఎత్తు. “మా వాళ్ళంతా ఎదురుసూస్తన్నారు” అని నాతో అన్నారు. “మద్దిలో నువ్వెందుకురా అసలు? ఆవిడ మాట ఈలకీ, ఈల మాట ఆవిడకీ తిన్నగా అరదమైపోదేటి?”

సిన్యోరాకు డబ్బాలాంటి చిన్న కారు ఒకటి ఉండేది. తనే నడిపేది. నవమి నాడు పొద్దున్నే దాంట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను. దారి పొడుగునా ఆవిడ ఇటాలియన్లో మాట్లాడుతూనే ఉంది. నేను దారి పొడుగునా “సి, సి” అంటూనే ఉన్నాను, అంటే అవునవును అని. మధ్యలో ఆవిడ కారు ఆపి, దిగి, నా వైపు తలుపు తెరిచి నిలబడింది. నేను బాత్‌రూముకు వెళ్ళాలా అని అడిగిందట, అవునవును అన్నానట. చేసేది లేక చెట్టు చాటుకు వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను.

గేటు దగ్గర కాపలావాడు కారు ఆపాడు. సిన్యోరా మావాళ్ళకు వండిపెడదామని పొడుగాటి ఎండు పాస్తా కట్టలు తెచ్చింది. “అపా ఇని?” అన్నాడతను మలయ్‌లో, ఒక కట్ట పైకెత్తి, ఇదేమిటని. తినేదంటే నమ్మలేదు. ఒక పుల్ల విరిచి నోట్లో పెట్టుకుని, నమిలి, తినేది కాదని తేల్చాడు. తినేది కాకపోతే లోపలికి ఎందుకు అన్నాడు. తినేదైతే ఎస్టేటు తిండి లెక్కలో ఎందుకు లేదన్నాడు. ఏ దారినా నా చదువు పనికి రాలేదు. ఆఖరికి నాన్న లోపలి నుంచి వచ్చి, “దేవుడి పూజకు, లా” అని ఒక్క ముక్క మలయ్‌లో చెప్పి విడిపించారు. ఆ కట్టలు రామమందిరంలో అగరువత్తుల పక్కన కూర్చున్నాయి. ఎవరో పుణ్యాత్ములు ఒక పుల్ల వెలిగించి కూడా చూశారు.

మందిరం నిండా జనం. కొబ్బరాకుల పందిరి, కాగితపు తోరణాలు, పానకం గంగాళం. సిన్యోరా లోపలికి రాగానే ఆడవాళ్ళు చుట్టూ మూగి, నాన్న చెప్పినట్టే, తిన్నగా తెలుగులో మొదలుపెట్టారు. అర్థం కావడం లేదనిపిస్తే ఇంకాస్త గట్టిగా చెప్పారు. మా మామ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, “ఏటమ్మా ఇంత సిక్కిపోనావు, నీ మొగుడు అన్నం ఎట్టడేటి?” అంది. సిన్యోరా నా వైపు చూసింది. పరీక్ష మొదలైంది. నాకు తెలిసిన ఇటాలియన్లో ‘సన్నం’ లేదు, ‘మొగుడు’ లేదు, ‘అన్నం’ మాత్రం ఉంది. అన్నం అన్నాను. ఆవిడకు ఆకు వేసి అన్నం పెట్టారు. ఆవిడ తిని ఏదో పెద్దగా చెప్పింది, చేతులు ఊపుతూ. నేను “ఇంకాస్త పెట్టమంటోంది” అన్నాను. పెట్టారు. మళ్ళీ ఏదో చెప్పింది, ఈసారి రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టి. అది తర్జుమా చెయ్యక్కర్లేదని నాకు తెలిసినా, మామ్మకు తెలియలేదు. మూడోసారీ పెట్టారు. ఆ పూట సిన్యోరా పట్ల మేము చేసిన అతిథి మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో బరువుగా ఉంటుంది.

భజన అయ్యాక మా మైకు మామ (సంఘానికి ఉన్న ఒకే ఒక మైకు ఆయన ఆధీనంలో ఉండేది కనుక ఆ పేరు) దాన్ని తట్టి, ఊది, “అందరికీ వణక్కం, నమస్కారం” అన్నాడు. నాన్న లేచారు. ఉపన్యాసం సగానికి వచ్చింది. ఆగారు. గొంతు సవరించుకున్నారు. “తెలుగంటే తూర్పు దేశపు ఇటాలియన్ అని ఇన్నేళ్ళూ నాను సెప్పినాను, మీరు ఇన్నారు. ఇయ్యాల నాను సెప్పను. ఆ బాస మనిషే మన ముందుకి వచ్చినాది. ఆవిడే సెప్తాది!” అని, ఇంగ్లీషులో, “మేడమ్, చెప్పండి. మీ భాషా మా భాషా ఒకటేనా? మా వాడు ఎలా చదువుతున్నాడు?” అని మైకు ఆవిడకిచ్చి, నన్ను పక్కన నిలబెట్టారు. ఆ జనంలో నా ఈడువాళ్ళున్నారు, నన్ను ఎత్తుకు పెంచిన ఆడవాళ్ళున్నారు, స్టూలు ఖాళీగా ఉంచిన దొరగారు ముందు కుర్చీలో ఉన్నారు. పారిపోదామంటే చుట్టూ ముళ్ళకంచె.

సిన్యోరా నాన్న వైపు ఒకసారి, నా వైపు చాలాసేపు చూసింది. తరవాత చిరునవ్వుతో, నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి ఇటాలియన్లో మాట్లాడింది. నేను చెవులు రిక్కించాను. ఆ మొత్తంలో నాకు దొరికినవి రెండు మాటలు: ఒకటి ‘తండ్రి’, ఒకటి ‘ఏమీ లేదు’. ఆవిడ ఆపి, మైకు నాకిచ్చింది. రెండు మాటలు పెట్టుకుని మనిషి ఏం చేస్తాడు? నేను చేశాను. “సిన్యోరాగారు ఏమంటున్నారంటే,” అని మొదలుపెట్టాను, “ఇలాంటి తండ్రికి సాటి ఏమీ లేదంటున్నారు. ఈ మందిరంలో కూర్చుంటే పుట్టింట్లో కూర్చున్నట్టు ఉందంటున్నారు. మీ మాటా మా మాటా ఒక తల్లి కడుపున పుట్టి, ఒకటి తూర్పుకూ ఒకటి పడమరకూ కాపరానికి వెళ్ళిన అక్కచెల్లెళ్ళు అంటున్నారు. మీ భజన వింటుంటే మా అమ్మ జోలపాట గుర్తొచ్చిందంటున్నారు.” నోరు తెరిచాక మరి ఆగలేదు. (ఆవిడ మాట్లాడినదానికి నా అనువాదం మూడింతలైందని తరవాత సిన్యోరాయే చెప్పింది.) జనం నాన్న వైపు చూశారు. అప్పుడు నాన్న చప్పట్లు కొట్టారు. వెంటనే అందరూ కొట్టారు. సీతారాములకు జై కొట్టారు. మామ్మ కళ్ళు ఒత్తుకుంది. నాన్న కళ్ళలోనూ నీళ్ళు కనిపించాయి.

సాయంత్రం కాకుండానే బయల్దేరాం. గేటు దాటాక సిన్యోరా మొదటిసారి నాతో ఇంగ్లీషులో మాట్లాడింది. అప్పుడే అనుకున్నాను, అయిపోయిందని. “వాళ్ళకు నువ్వేం చెప్పావు? మీ నాన్న ఎందుకు ఏడ్చారు?” అంది. చెప్పాను. ఆవిడ కారు రోడ్డు పక్కకు తీసి ఆపేసింది. స్టీరింగు మీద తల ఆనించి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, తను అసలు అన్నదేమిటో చెప్పింది: “అయ్యా, మీ అబ్బాయికి నా భాష ఏమీ రాదు. తప్పంతా అతనిది కాదు. మీ మాట విని నేనే పై క్లాసులో కూర్చోబెట్టాను. తండ్రి అయిన మిమ్మల్ని ఇంతమందిలో చిన్నబుచ్చలేక, ఎవరికీ తెలియని భాషలో చెబుతున్నాను. ఇది అతనికి అర్థమైతే ఇప్పుడే మొహం మాడిపోతుంది. మాడితే చాలు, పాసు చేసేస్తాను.”

“నీ మొహం మాడుతుందనే చూస్తున్నాను,” అంది. “నువ్వేమో మైకు అందుకున్నావు.” కారు మళ్ళీ రోడ్డు మీదికి తీసి, “భాషలో నిన్ను తప్పించక తప్పదు. ‘నేటి ఇటలీ జీవితం’లో మాత్రం నీకు మంచి మార్కులు వేస్తాను. మా ఊళ్ళో పెళ్ళిళ్ళలో నీలాంటివాళ్ళే మాట్లాడతారు” అంది. ఆ మిగతా దారంతా నేను ఏడవకుండా ఉండడానికి ప్రయత్నించాను. ఆవిడ అది చూడనట్టు ఉండడానికి ప్రయత్నించింది.

ఫలితాలు వచ్చాయి. అనుకున్నట్టే ఇటాలియన్ పోయింది. సిన్యోరా మాట సాయం చేసింది కాబోలు, మొదటి క్లాసు నుంచి చదివేటట్టయితే ఇంకొక ఏడు ఉండనిస్తామన్నారు. అది నాన్నతో చెప్పి ఒప్పించాలి. రైల్లో, బస్సులో, గేటు దగ్గర మూట విప్పి చూపిస్తున్నప్పుడూ ఎలా చెప్పాలా అన్న ఆలోచనే. కాపలావాడు ఏమైనా ఉందా అని అడిగితే తల అడ్డంగా ఊపి వచ్చేశాను. ఇల్లు చేరేసరికి నాన్న వాకిట్లో సైకిలు బోర్లించి గొలుసుకు నూనె పెడుతున్నారు. నేను నిలబడ్డాను. ఆయన తలెత్తలేదు.

“పోనాదా?” అన్నారు.

“పోయింది, నాన్నా. ఇంకొక ఏడు మొదటి నుంచి…”

“ఎల్లు. ఈసారి కింద కలాసులో కూకో. స్టూలు ఒద్దని దొరతో సెప్పేసినాను.”

“ఎప్పుడు? ఫలితాలు నిన్ననే కదా వచ్చాయి?”

“నవమి మర్నాడే సెప్పినాను” అన్నారు, గొలుసు తిప్పుతూ. ఆయన నూనె గుడ్డ భుజాన వేసుకుని లేచారు. “ఆవిడ మాటాడినంతసేపూ నిన్నే సూసినాదిరా. పొగిడే మనిషి అలగ సూడదు. ఇన్నేళ్ళు దొర ముందర నిలబడినాను. దొర ఇంగ్లీసు సగం అరదం కాదు నాకు. అయినా తిడతన్నాడో మెచ్చుకుంతన్నాడో మొహం సూసి సెప్పెయ్యగలను.”

“మరి చప్పట్లు ఎందుకు కొట్టారు?”

“నాను కొట్టకపోతే నీ మొహం ఏటయ్యేది? ఊరు ఊరంతా ముందల నా సేతులు సూసే గదా కొడతాది” అన్నారు. తరవాత, కొంచెం మొహమాటంగా, “ఇంతకీ ఆవిడ ఏటన్నాది?” అని అడిగారు. సిన్యోరా కారులో చెప్పింది చెప్పినట్టు చెప్పాను, పై క్లాసులో కూర్చోబెట్టిన మాటతో సహా. ఆయన అంతా విని, సైకిలు చక్రం ఒకసారి తిప్పి, “నిజమే. నానే కూకోబెట్టినాను” అన్నారు. సైకిలు తిప్పి నిలబెట్టి, “ఆవిడ సెప్పిందీ బాగానే ఉంది. కాని నువ్వు సెప్పిందే బాగుంది” అన్నారు. నేను ఆ నూనె చేతుల్లో మొహం పెట్టుకుని, అంత పెద్దవాణ్ణి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మరుసటి ఏడు మొదటి క్లాసులో, నాకన్నా చిన్నవాళ్ళ మధ్య కూర్చుని, ఇది తలుపు, ఇది కిటికీ అని నేర్చుకుని పాసయ్యాను. ఎమర్జెన్సీ ఎత్తేశారు, గేటు కాపలావాడు వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు, సిన్యోరా వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. నేను సుంగై పెటానిలో బడిపంతులుగా చేరి, పిల్లలకు భూగోళం చెప్పి రిటైరయ్యాను. నాన్న మాత్రం బతికినన్నాళ్ళూ, ఎవరింట పెళ్ళైనా, మైకు మామ మైకు తట్టగానే నన్ను చెయ్యూపి పిలిచేవారు. “ఆ రోజు ఆ మేడమ్ ఏటన్నాదో సెప్పరా” అనేవారు. నేను లేచి, మొత్తం అప్పజెప్పేవాణ్ణి. ఏటికేడు దానికి కొంత కలుస్తూ వచ్చింది. చివరి రోజులకు సిన్యోరా మా పులిహోరనూ, మా మామ్మ చీరకట్టునూ, నాన్న తలపాగానూ విడివిడిగా పొగిడిందని తేలింది. ఆయన ప్రతిసారీ కొత్తగా విన్నట్టు విని, అందరికన్నా ముందు చప్పట్లు కొట్టేవారు. మా ఇద్దరి మధ్య ఆ సంగతి మళ్ళీ ఒక్కసారీ రాలేదు.

ఇప్పుడు మావాళ్ళ పెళ్ళిళ్ళు హోటళ్ళలో జరుగుతున్నాయి. మా మనవలకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ‘లా’ తగిలించి చెబుతారు. తాతయ్య ఒకప్పుడు ఇటాలియన్ చదివాడంటే, ఎందుకు, లా అని అడుగుతారు. దానికి నా దగ్గర పొట్టి జవాబు లేదు. ఆ అనువాదం చెప్పమని అడిగేవారు ఇప్పుడెవరూ లేరు. అయినా పెళ్ళిలో ఎవరైనా మైకు తట్టారంటే, ఈ ముసలాడు కుర్చీలోంచి సగం లేచి, ఎవరూ పిలవలేదని చూసుకుని, పంచె సర్దుకున్నట్టు చేసి మళ్ళీ కూర్చుంటాడు.